మత్స్యకన్య బొమ్మ: మట్టి, తీగ, చేప పొలుసులు (ప్రాజెక్టు డైరీ)

ఈ డైరీలో ఎక్కువ భాగం అతుకుల గురించే. మట్టి ఆరితే కుంచించుకుపోతుంది, తీగ కుంచించుకుపోదు. పొలుసు తడిస్తే మెత్తబడుతుంది, ఎండితే చుట్టుకుంటుంది. బట్ట తేమకు వాలిపోతుంది. ఒక్కో వస్తువుతో విడిగా పని చేసినంతసేపూ ఇబ్బంది లేదు. రెండు కలిసిన చోటల్లా ఏదో ఒకటి ఊడింది, పగిలింది, తెల్లబారింది. నేను ఉండేది విశాఖపట్నం కాబట్టి గాలిలో తేమ కూడా ఒక ముడిసరుకే అనుకోవాలి. పొడి ఊళ్లలో ఉన్నవారు ఆరే సమయాలు తగ్గించుకోవచ్చు.

కొలతలు, భంగిమ

తల 4 సెం.మీ. మిగతా కొలతలన్నీ దాని నుంచే తీశాను. తల పైనుంచి తుంటి దాకా నాలుగు తలలు, అంటే 16 సెం.మీ. తుంటి నుంచి తోక రెక్క మొదలు దాకా ఐదు తలలు, 20 సెం.మీ. రెక్క మరో 9 సెం.మీ. వంపు వెంబడి కొలిస్తే మొత్తం 45 సెం.మీ. మనిషి తల సుమారు 22 సెం.మీ. ఉంటుంది కనుక స్కేలు 1:5.5. ఈ అంకెను గోడ మీద రాసి పెట్టుకోండి. పొలుసుల దగ్గర, జుట్టు దగ్గర దీనితోనే పని.

భంగిమ విషయంలో రెండు ప్రసిద్ధ విగ్రహాల ఫోటోలు ముందు పెట్టుకున్నాను. కోపెన్‌హాగెన్‌లో 1913లో పెట్టిన 1.25 మీటర్ల కంచు విగ్రహం బండ మీద కూర్చుని ఉంటుంది. తిరువనంతపురం దగ్గర శంఖుముఖం తీరంలో కానాయి కుంజిరామన్ చేసిన భారీ సాగరకన్య పడుకుని ఉంటుంది. ఇద్దరూ తోక మీద నిలబడలేదు. తోక మీద నిలబెట్టిన బొమ్మ బరువంతా రెక్క దగ్గరి ఒక్క సన్నటి చోటు మీద పడుతుంది. నేను కూర్చున్న భంగిమ ఎంచుకున్నాను. తుంటి, కుడి అరచేయి, తోక వంపు మూడూ పీఠానికి ఆనాలి.

దశ 1: తీగ చట్రం

మొదటి చట్రం 18 గేజి బైండింగ్ వైరుతో కట్టాను, ఇళ్ల స్లాబులకు ఇనుప చువ్వలు కట్టే నల్లతీగ. బాగా వంగుతుంది, కిలో లెక్కన చవకగా దొరుకుతుంది. తడి మట్టి పడగానే తుప్పు మొదలైంది. మట్టి ఆరేలోపే ముంజేయి దగ్గర ఎర్రటి మరక పైకి తేలింది. ప్రైమర్ (రంగు కింద వేసే తెల్ల పూత) వేసినా తెల్లారేసరికి మళ్లీ కనిపించింది. ఆ చట్రం పక్కన పడేసి అల్యూమినియం తీగకు మారాను.

1. వెన్నుకూ తోకకూ 3 మి.మీ. అల్యూమినియం తీగ 2 మీటర్లు. సగానికి మడిచి, మడత భాగాన్ని తలుపు గొళ్లేనికి తగిలించి, రెండు కొనలను డ్రిల్లు చక్‌లో బిగించి నెమ్మదిగా తిప్పాలి. పురి పడ్డాక పొడవు దాదాపు పదో వంతు తగ్గుతుంది, ఆ మేరకు ముందే ఎక్కువ తీసుకోవాలి.
2. చేతులకు 1.5 మి.మీ. తీగ 1 మీటరు, అదీ పురిపెట్టినదే.
3. తుంటి కింద నుంచి 6 సెం.మీ. తీగ బయటికి వదలాలి. పీఠంలోకి దిగేది అదే.
4. భుజాల దగ్గర సన్న రాగి తీగతో చుట్టి, ఆ ముడి మీద వేలెడు ఎపాక్సీ క్లే (రెండు భాగాలు కలిపితే గట్టిపడేది) నొక్కాలి. ముడి ఒక్కటే ఉంటే మట్టి పెట్టేటప్పుడు చేయి గిర్రున తిరుగుతుంది.

ఇప్పటివరకు: రూ.270, బరువు 45 గ్రాములు.

దశ 2: లోపలి పూరకం

మొత్తం మట్టితోనే చేస్తే అరకిలో దాటుతుంది, లోపల తడి ఆరదు. వంటింటి అల్యూమినియం ఫాయిల్‌ను ఉండలుగా నలిపి చుట్టాను. 9 మీటర్ల రోలు దాదాపు పూర్తిగా అయిపోయింది. ఫాయిల్‌ను వదులుగా చుడితే మట్టి నొక్కినప్పుడల్లా లోపల కుంగుతుంది. స్టీలు గరిటె వెనుక వైపుతో గట్టిగా రుద్ది, గోరుతో నొక్కినా సొట్ట పడని దాకా బిగించాలి. కావలసిన ఆకారం కంటే అన్ని వైపులా 4 మి.మీ. సన్నగా ఆపాలి, మట్టికి చోటు అదే. పైన మాస్కింగ్ టేపు ఒక వరస వేశాను. ఉత్త ఫాయిల్ మీద మట్టి జారిపోతుంది.

ఇప్పటివరకు: రూ.380, బరువు 125 గ్రాములు.

దశ 3: మట్టి, నెర్రెలు

గాలికి ఆరే క్లే వాడాను. 4 మి.మీ. మందం ఒకేసారి పెట్టి, ఫ్యాను కింద ఆరబెడితే నడుము చుట్టూ నెర్రె ఇచ్చింది. మెడ దగ్గర మరొకటి. నడుము దగ్గరే ఎందుకో తెలుసుకోవడానికి చిన్న పరీక్ష చేశాను. క్లేను పట్టీలా ఒత్తి, 10 సెం.మీ. దూరంలో రెండు గీతలు పెట్టి ఆరనిచ్చాను. ఆరాక గీతల మధ్య 9.4 సెం.మీ. మిగిలింది, అంటే 6 శాతం తగ్గింది. నడుము చుట్టుకొలత 12 సెం.మీ. ఆరు శాతం అంటే 7 మి.మీ.కు పైనే. లోపలి ఫాయిల్ ఏమాత్రం కదలదు, మట్టి మాత్రం అంత దగ్గరికి రావాలి. మీరు ఏ కంపెనీ క్లే కొన్నా ముందు ఈ పట్టీ పరీక్ష చేయండి. ప్యాకెట్ మీద రాసింది చదవడం కంటే ఇది నమ్మకం.

మార్చినవి ఇవి.

1. మాస్కింగ్ టేపు మీద నడుముకూ మెడకూ నూలు దారం వదులుగా ఒక పొర చుట్టాను. మట్టి బిగిస్తే దారం నలిగి చోటిస్తుంది.
2. 4 మి.మీ. పొరను రెండు విడతలుగా చేశాను. మొదటి 2 మి.మీ. పూర్తిగా ఆరాక, శాండ్‌పేపర్‌తో గరుకు చేసి, పల్చని ఫెవికాల్ నీళ్లు పూసి రెండోది.
3. ఫ్యాను కట్టేశాను. తడి గుడ్డ కప్పి, పైన పాలిథిన్ కవరు వదులుగా వేసి, మెల్లగా ఆరనిచ్చాను.

అయినా సన్న గీతలు కొన్ని వచ్చాయి. వాటిని అదే క్లేతో పూడిస్తే పూడ్చిన ముక్క కూడా కుంచించుకుపోయి చుట్టూ కొత్త గీత పడింది. ఇక్కడ కొండపల్లి పద్ధతి పనికొచ్చింది. అక్కడి కళాకారులు తెల్లపొణికి చెక్క బొమ్మలకు చేతులు, కాళ్లు అతికేది మక్కుతో. చింతగింజల పిండి ఉడికించిన జిగురులో రంపపు పొట్టు కలిపితే మక్కు. పొట్టును టీ వడపోతలో జల్లించి, చపాతీ పిండి కంటే కాస్త గట్టిగా కలిపి, దబ్బనం వెనుక కొనతో నెర్రెలోకి నొక్కాను. పొట్టులోని నార పట్టి ఉంచడం వల్ల కాబోలు, మళ్లీ తెరుచుకోలేదు. మక్కు ఆ పూటకు సరిపడా మాత్రమే కలుపుకోండి. గిన్నెలో మిగిలింది తేమకు తెల్లగా బూజు పట్టేసింది. కొన్ని చుక్కల లవంగనూనె వేస్తే కాస్త ఆగుతుంది.

ఇప్పటివరకు: రూ.600, ఆరిన బరువు 340 గ్రాములు.

దశ 4: ముఖం, చేతివేళ్లు

ఇక్కడ ఎపాక్సీ క్లే తప్ప మరో దారి లేదు. వేలు 2 మి.మీ. మందం కూడా ఉండదు, గాలికి ఆరే క్లే అయితే తాకగానే విరుగుతుంది. ఎపాక్సీ ఆరడం వల్ల గట్టిపడదు, రెండు భాగాల మధ్య రసాయన చర్య వల్ల గట్టిపడుతుంది. అందుకే కుంచించుకుపోదు. ఎండాకాలంలో మాత్రం పని చేసే సమయం బాగా తగ్గిపోతుంది. నిమ్మకాయంత కలిపితే సగం చేతిలోనే బిగుసుకుంది. గోలీ అంత చొప్పున కలుపుకోవాలి.

1. చేతి తొడుగులు తప్పనిసరి, గట్టిపడని ఎపాక్సీ చర్మానికి పడదు. అరగదీసేటప్పుడు మాస్కు.
2. వేళ్లకు 26 గేజి రాగి తీగ. ఐదు ముక్కలను మణికట్టు దగ్గర కలిపి చుట్టి, ఒక్కో దానికి పల్చగా క్లే. వేళ్లు విడివిడిగా చాపి ఉంచకండి, మధ్య రెండూ తాకి ఉంటేనే చేయి సహజంగా ఉంటుంది, విరగదు కూడా.
3. ముఖానికి పనిముట్లు: దబ్బనం, రీఫిల్ అయిపోయిన బాల్‌పెన్ను, టూత్‌పిక్. కొనలు నీళ్లలో ముంచుతూ పని చేయాలి.
4. కళ్లు మధ్య గీత మీద, అంటే గడ్డం నుంచి 2 సెం.మీ. ఎత్తున. నుదురు చిన్నదైతే బొమ్మ ముఖం పిండినట్టు కనిపిస్తుంది.
5. ఫోనులో ఫోటో తీసి కుడి ఎడమలు తిప్పి చూడాలి. నేరుగా చూసినప్పుడు తెలియని వంకర అప్పుడు బయటపడుతుంది. నా బొమ్మకు ఎడమ దవడ 1.5 మి.మీ. కిందికి ఉంది. గట్టిపడ్డాక బ్లేడుతో చెక్కాల్సి వచ్చింది.

ఇప్పటివరకు: రూ.800, బరువు 440 గ్రాములు.

దశ 5: ప్రైమర్, తోకకు నలుపు

మెత్తటి సుద్ద పొడి, ఫెవికాల్, నీళ్లు కలిపి వడగట్టి మూడు పల్చటి పూతలు. పూతకూ పూతకూ మధ్య 220 నంబరు శాండ్‌పేపర్, చివర 400. తర్వాత తోక మొత్తానికి నలుపు అక్రిలిక్.

నలుపు ఎందుకంటే, చేప పొలుసు గాజులా కాకపోయినా కాంతిని లోపలికి పోనిస్తుంది. తెల్లని ప్రైమర్ మీద అతికిస్తే అద్దకం వెలిసిపోయినట్టు, ప్లాస్టిక్ చమ్కీలా కనిపించింది. అదే పొలుసు నలుపు మీద పెడితే అంచున నీలం, ఆకుపచ్చ మెరిశాయి. ముత్యపు మెరుపు రంగులకూ ఇదే సూత్రం. తెలుపు మీద అవి సరిగా కనబడవు.

ఇప్పటివరకు: రూ.910, బరువు 455 గ్రాములు.

దశ 6: తోక రెక్క

పొలుసుల కంటే ముందు రెక్క. చివరి వరస పొలుసులు రెక్క మొదలును కప్పాలి కాబట్టి ఈ వరుస మార్చకండి.

పాలియెస్టర్ ఆర్గంజా (అవతలివైపు కనిపించే పల్చటి బట్ట) అర మీటరు తెచ్చాను. రెక్కకు ఎముకల్లా 22 గేజి రాగి తీగలు ఏడు. బట్ట అంచులు కత్తిరించగానే పోగులు ఊడతాయి. వెలిగించిన అగరుబత్తి కొనను అంచు వెంట నడిపిస్తే పాలియెస్టర్ కరిగి అతుక్కుంటుంది, నిజమైన చేప రెక్కకు ఉన్నట్టు చిన్న చిన్న చింపులూ పెట్టుకోవచ్చు. కిటికీలు తెరిచి చేయండి, ఆ పొగ మంచిది కాదు. పట్టు ఆర్గంజా అయితే కరగదు, మాడి నల్లబడుతుంది.

బట్ట గట్టిగా నిలవడానికి మొదట ఫెవికాల్, నీళ్లు సమపాళ్లలో పూశాను. ఆరినప్పుడు చక్కగా నిలిచింది. వర్షం పట్టిన పూట చూస్తే తడిసిన కాగితంలా వాలిపోయి ఉంది. నీటితో కడిగి ఫెవికాల్ వదిలించి, నీటికి కరగని అక్రిలిక్ వార్నిష్ రెండు పూతలు వేశాను. తర్వాత వాలలేదు. ఒక చిక్కు మిగిలింది. వార్నిష్ తీగల పక్కన చుక్కలుగా ఆగి గాజు పూసల్లా గట్టిపడింది. బ్రష్షులో వార్నిష్ తక్కువ తీసుకుని, తీగ నుంచి అంచు వైపు లాగితే చుక్కలు పడవు.

ఇప్పటివరకు: రూ.1,225, బరువు 467 గ్రాములు.

దశ 7: పొలుసులు

ఎన్ని కావాలి? తోక చుట్టుకొలత తుంటి దగ్గర 17 సెం.మీ., రెక్క దగ్గర 5. సగటు 11, పొడవు 20, మొత్తం 220 చదరపు సెం.మీ. 8 మి.మీ. వెడల్పు పొలుసును 5 మి.మీ. ఎడంలో వరసలు పేరిస్తే ఒక్కోటీ 0.4 చదరపు సెం.మీ. కప్పుతుంది. అంటే 550. చిరిగేవీ వంకరవీ కలుపుకుని 700 తీసి పెట్టుకోవాలి.

ఏ చేపవి? బొచ్చెవి చాలా పెద్దవి. 1:5.5 స్కేలులో అవి పెడితే తోక కవచం తొడిగినట్టు కనిపిస్తుంది. కైకలూరు వైపు చెరువుల నుంచి వచ్చే అరకిలో శీలావతులు సరిగ్గా కుదిరాయి. తోక దగ్గర పొలుసులు సహజంగానే చిన్నవి కాబట్టి అవి వేరే కవర్లో వేయమని చేపలు కోసే ఆవిడను అడిగాను. “పొలుసులకు డబ్బులేం వద్దు బాబూ, వాటితో ఏం చేస్తారో చెప్పి పట్టుకెళ్లండి” అంది. చెప్పాను. నమ్మినట్టు లేదు.

శుభ్రం చేయడం:

1. ఉప్పునీళ్లలో రాత్రంతా. మర్నాడు గిన్నెలు తోమే సబ్బు ద్రవంతో చేతులతో పిసికి, నీళ్లు తేటగా వచ్చేదాకా కడగాలి. పొలుసుకు పట్టిన సన్నటి చర్మపు పొర పోకపోతే వాసన పోదు.
2. 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్‌లో కొన్ని గంటలు. బట్టల బ్లీచింగ్ వాడకండి, అది పొలుసులోని ప్రోటీన్‌ను తినేస్తుంది. పరీక్షకు వేసినవి గోటితో నొక్కితే పొడి అయ్యాయి.
3. వేడినీళ్లు వద్దు. పొగలు కక్కే నీళ్లలో వేసిన గుప్పెడు క్షణాల్లో గొట్టాల్లా చుట్టుకుపోయాయి. చేతికి వెచ్చగా తగిలే వేడి మించకూడదు.

రంగు: పొలుసు ప్రోటీన్ కాబట్టి పట్టుకూ ఉన్నికీ వాడే యాసిడ్ డై బాగా పడుతుంది. డై అంటడానికి వెనిగర్ కావాలి. అయితే పొలుసులో గట్టిదనం ఇచ్చే ఖనిజాన్ని అదే వెనిగర్ కరిగిస్తుంది. రాత్రంతా వదిలేసినవి తడి కాగితంలా మెత్తబడ్డాయి. లీటరుకు రెండు చెంచాల వెనిగర్, అరగంట చాలు. నీలం, ఆకుపచ్చ, కొద్దిగా పసుపు మూడు గిన్నెల్లో వేశాను. తుంటి దగ్గర పచ్చ, కిందికి వెళ్లే కొద్దీ నీలం. డాబా మీద ఆరబెట్టొద్దని మనవి. పిల్లులకు పెరాక్సైడ్ వాసన అడ్డం రాదు.

అతికించడం: ఎక్కువ సరుకు పాడైంది ఈ అతుకు దగ్గరే. పరీక్షంతా నలుపు పూసిన పీవీసీ గొట్టం ముక్క మీద చేశాను, బొమ్మ మీద కాదు.

మొదట ఇన్‌స్టంట్ జిగురు. పట్టుకోవడంలో లోపం లేదు, కానీ ఆ జిగురు ఆవిరి తేమతో కలిసి చుట్టూ తెల్లటి పొగమరకలా దిగింది. నలుపు మీద బూడిద చల్లినట్టుంది, తుడిస్తే పోదు.

తర్వాత ఎండు పొలుసు మీద ఫెవికాల్. జిగురులోని నీటికి పొలుసు అడుగు వైపు ఉబ్బి, అంచులు పైకి లేచాయి. జిగురు ఆరేసరికి లేచిన చోటే గట్టిపడ్డాయి.

చివరికి కుదిరిన పద్ధతి:

1. పొలుసులను పది నిమిషాలు నీళ్లలో నానబెట్టి, గుడ్డ మీద అద్ది, మెత్తగా ఉన్నప్పుడే వాడాలి. రెండు ముఖాలూ సమానంగా తడిసి ఉంటే ఒక వైపుకే వంగదు.
2. తోక కొన నుంచి పైకి, పెంకుటిల్లు నేసినట్టు. ప్రతి వరసా కింది వరస తలలను కప్పాలి, దాని కంటే సగం పొలుసు పక్కకు జరగాలి.
3. చేప ఒంట్లో దాగి ఉండే మొదటి సగానికి మాత్రమే ఫెవికాల్, దబ్బనం కొనతో చుక్క. బయటికి కనబడే కొనకు జిగురు తగలకూడదు.
4. మూడు వరసలు అయ్యాక పాత నైలాన్ మేజోడును బిగుతుగా తొడిగి రాత్రంతా వదిలేయాలి. గాలి ఆడుతుంది, ఫెవికాల్‌కు అంటదు, అంచులను నొక్కి పట్టుకుంటుంది. పాలిథిన్ చుడితే తేమ బయటికి పోక అలాగే మెత్తగా ఉండిపోయాయి.

మోకాలి చోట వంపు లోపలి వైపు వరసలు కిక్కిరిసి, వెలుపల దూరమవుతాయి. లోపలి వైపు 4 మి.మీ., వెలుపల 6 మి.మీ. ఎడం పెట్టి సర్దాను. తుంటి పైన చర్మం కలిసే అంచును గీత గీసినట్టు ఆపలేదు. పొలుసులను పల్చబరుస్తూ, చివరి కొన్నింటిని కత్తెరతో సగానికి కోసి, వాటి తలల మీద ఎపాక్సీ క్లే సన్నగా రుద్దాను.

ఇప్పటివరకు: రూ.1,355, బరువు 479 గ్రాములు.

దశ 8: చర్మం రంగు

మత్స్యకన్య అనగానే గులాబీ రంగు ఒళ్లు వేసేస్తారు. ఈ తీరంలో ఎండలో కూర్చునే మనిషికి అది కుదరదు. చామనచాయ తీసుకున్నాను. బర్న్ట్ సియెన్నా (ఎర్రటి గోధుమ) రెండు పాళ్లు, యెల్లో ఓకర్ (మట్టి పసుపు) ఒక పాలు, తెలుపు అర పాలు. నీడలకు తెలుపు తీసేసి చిటికెడు అల్ట్రామెరైన్ నీలం. నలుపు కలిపితే చర్మం మసిబారినట్టు అవుతుంది. నీళ్లలా పల్చటి పూతలు ఒకదాని మీద ఒకటి వేస్తే లోతు వస్తుంది. మోచేతులు, వేళ్ల కణుపులు, చెవి అంచుల్లో సియెన్నా ఉత్తదే తడిపాను. తుంటి దగ్గర తోక నలుపును స్పాంజితో పైకి కొద్దిగా అద్దాను.

స్ప్రే వార్నిష్ గాలిలో తేమ 85 శాతం ఉన్న రోజు పరీక్ష ముక్క మీద కొడితే పాలపొరలా తెల్లబారింది. తేమ కొలిచే హైగ్రోమీటర్ 65 లోపు చూపే దాకా ఆగి, దాన్నీ మానేసి బ్రష్షుతో మ్యాట్ వార్నిష్ వేశాను. కళ్లకు, పెదవులకు, పొలుసులకు మాత్రం మెరిసే గ్లాస్ వార్నిష్.

ఇప్పటివరకు: రూ.1,705, బరువు 485 గ్రాములు.

దశ 9: జుట్టు

సవరం తెచ్చి పెట్టి చూశాను, నిజమైన వెంట్రుకలే కదా అని. మనిషి వెంట్రుక మందం సుమారు 0.07 మి.మీ. 5.5తో గుణిస్తే ఈ బొమ్మకు అది 0.4 మి.మీ. దారంతో సమానం. పైగా వెంట్రుకకు దాని పట్టుదల దానికుంది, భుజం మీద వాలదు. పురి లేని నల్ల పట్టు పోగు వాడాను. మెడ దగ్గర నుంచి పైకి వరసలుగా అతికించి, పాపిడి చివర. తడిసినట్టు కనబడడానికి కొనలకు మాత్రం గ్లాస్ వార్నిష్.

ఇప్పటివరకు: రూ.1,785, బరువు 491 గ్రాములు.

దశ 10: పీఠం

భీమిలి తీరంలో దొరికిన కొట్టుకొచ్చిన చెక్క, కొన్ని గుల్లలు. వాటిని మంచినీళ్లలో నానబెట్టి, నీళ్లు మారుస్తూ ఉప్పు వదిలించాలి. కడగకుండా అతికించిన గుల్ల చుట్టూ తెల్లటి ఉప్పు పొడి పైకి వచ్చి జిగురును ఎత్తేసింది. పగడాల జోలికి మాత్రం వెళ్లకండి. అవి 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు, తీరాన పడి ఉన్న ముక్క అయినా సరే. నా పీఠం మీది పగడం ఎపాక్సీ క్లేతో చేసింది, టూత్‌బ్రష్షుతో పొడిచి రంధ్రాలు పెట్టాను.

తుంటి తీగకు 7 మి.మీ. డ్రిల్లు, 5 సెం.మీ. లోతు. చెక్క 760 గ్రాములు, బొమ్మ కంటే బరువు కాబట్టి వెనక్కి ఒరగదు. అరచేతి కింద 2 మి.మీ. ఖాళీ మిగిలితే మక్కుతో నింపి ఇసుక చల్లాను.

ఇప్పటివరకు: రూ.1,850, మొత్తం బరువు 1,251 గ్రాములు.

లెక్క ఇక్కడ ముగియాలి గానీ, పొలుసులు, పట్టు రెండూ ప్రోటీన్ కావడంతో వాటిని తినే చిన్న పురుగులు ఉంటాయి. గాజు పెట్టెకు రూ.900 పెట్టాను, అడుగున సిలికా జెల్ పొట్లం. మొత్తం రూ.2,750. పెట్టె మూత తీసినప్పుడు దగ్గరికి వంగి వాసన చూసినవారు చేప అని చెప్పలేదు, వార్నిష్ అన్నారు.